త్యాగపు హార్మోన్

"తల్లి నోరు కట్టుకుంటేనే బిడ్డ కడుపు నిండుతుంది. అది దేవుడి లెక్క, ఒటీలియా," అంది మా అత్తగారు దోన్యా ఎర్లిందా, నేను పెనం మీద మొక్కజొన్న టోర్టియా రొట్టె తిప్పుతుండగా. ఆ మాట నా గురించి కాదు. పక్కింటి కోడలు నలభై రోజులు కోడి చారుతో సరిపెట్టుకోవలసిన బాలింత అయి ఉండి, మొగుడి కంచంలోంచి మాంసం ముక్క తీసుకుని తినడం అత్తగారు మా కిటికీలోంచి చూసింది. "సిగ్గుండొద్దూ! మేం ఇలాగే పెంచామా? బిడ్డ పుట్టాక ఆడదానికి ఆకలేమిటే?"

నా భర్త ఎవరిస్తో డబ్బాలోకి ఎండు మాంసం, గుడ్లు వేయించాలి. అత్తగారికి ఉప్పు లేని చిక్కుడు గింజలు వేరే గిన్నెలో ఉడకాలి. ఈ రెండూ పూర్తిచేసి, బస్సు ఎక్కి, మొంతెర్రే నగరంలోని మా విశ్వవిద్యాలయంలో దిగితే, అక్కడ మా పరిశోధనశాల అధిపతి డాక్టర్ బెర్లంగా ఇదే మాటను వేరే పదజాలంతో చెప్పేవారు. ఏటా కొత్త విద్యార్థులకు ఆయన ఇచ్చే మొదటి ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. గర్భిణి కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ ఒక హార్మోన్‌ను విపరీతంగా తయారుచేస్తుంది. అది తల్లి శరీరాన్ని ఇన్సులిన్ మాట విననివ్వదు. దాంతో తల్లి కణాలు తినవలసిన చక్కెర రక్తంలోనే మిగిలి బిడ్డకు చేరుతుంది. "దీన్ని నేను త్యాగపు హార్మోన్ అంటాను. మాతృత్వం రసాయనంగా మారితే ఇలా ఉంటుంది," అని ఆయన ఆగేవారు. పిల్లలు రాసుకునేవారు. అణువుకు త్యాగం తెలియదనీ, మనం చూడదలచినదాన్ని దానికి పేరుగా పెట్టి, తరువాత ఆ పేరునే రుజువుగా చూపుకుంటున్నామనీ నాకు అనిపించేది. కానీ ఆ గదిలో నా స్థానం వెనక వరుసలో, స్లైడ్లు మార్చే యంత్రం దగ్గర. జీవశాస్త్రంలో ఆయన ముఖ్య విద్యార్థులకున్న పట్టానే నాకూ ఉంది. హోదా మాత్రం సహాయకురాలు.

మా పని ఏమిటో చెప్పాలి. మనిషి పదిహేడో క్రోమోజోమ్ మీద ఐదు జన్యువులు గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలా వరుసగా ఉంటాయి. ఒకే పూర్వ జన్యువుకు నకళ్లు కాబట్టి అక్షరం అక్షరం పోల్చితే నూటికి తొంభైకి పైగా కలుస్తాయి. అయినా మొదటిది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలోనే పలుకుతుంది, ఎదుగుదల హార్మోన్ ఇస్తుంది. మిగిలిన నాలుగూ మాయలోనే పలుకుతాయి, త్యాగపు హార్మోన్ వచ్చేది వాటి నుంచే. ఒంట్లోని ప్రతి కణంలోనూ ఐదూ ఉన్నాయి. మరి ఎక్కడ ఏది పలకాలో నిర్ణయించేది ఏది? ఆ జవాబులో పెద్ద భాగం జన్యువుల లోపల లేదు, వాటికి దూరంగా ఉన్న ఒక చిన్న ముక్కలో ఉంది. దాన్ని ఎన్‌హాన్సర్ అంటాం. అది తనంతట తాను ఏ ప్రోటీనునూ తయారుచేయదు. మాయ కణాల్లో ఉండే కొన్ని ప్రోటీన్లు వచ్చి దానిమీద వాలితే, ఎడంగా ఉన్న జన్యువులు మేల్కొంటాయి. ఆ ముక్కను మిణుగురు పురుగు వెలుగు జన్యువుకు అతికించి మాయ కణాల్లోకి పంపితే కణాలు వెలిగేవి. పీయూష కణాల్లోకి పంపితే చీకటి. ఆ అతుకులన్నీ వేసింది నేను.

ల్యాబ్‌లో ఎవరిదో పుట్టినరోజు నాడు డాక్టర్ గారు గ్లాసు పైకెత్తారు. కేకు కోసి పంచుతున్నది సహజంగానే నేను. "మన ఒటీలియాయే మన ల్యాబ్‌కి ఎన్‌హాన్సర్! తను ఏమీ తయారుచేయదు. కానీ తను లేకపోతే మనలో ఒక్కడూ పనిచేయడు!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వారం ఆయన విదేశీ సభలో చూపించబోయే వెలుగుల చిత్రాలు నా చేతి తయారీ అని ఆయనకు తెలియదనుకోను. తెలిసీ అలా అనడాన్ని ఆయన మెచ్చుకోలు అనుకున్నారు. ఇంటికి వచ్చి ఎవరిస్తోకు చెబితే, "బాగానే అన్నాడుగా, నవ్వొచ్చుగా," అన్నాడు. ఎందుకు నవ్వలేదో వివరించాలంటే ఆ రోజుకు నాలో ఓపిక మిగల్లేదు.

ఈ హార్మోన్ సంగతి నాకు చదువు ద్వారా మాత్రమే తెలిసినది కాదు. ఎన్‌హాన్సర్ల సంగతి మాకు తెలియక ముందు, పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో, మా ల్యాబ్ ప్రసూతి వార్డుల గర్భిణుల రక్తంలో ఈ హార్మోన్‌ను కొలిచేది. అంకె పడిపోతే మాయ చచ్చిపోతోందనీ, బిడ్డకు తిండి అందడం లేదనీ ఆ రోజుల్లో చాలా చోట్ల నమ్మేవారు. ఆ కొలతకు వాడే రసాయనాల మందు పెట్టె కొత్తది వచ్చినప్పుడల్లా దాన్ని ఆరోగ్యవంతుల రక్తంతో సరిచూడాలి. ఆరోగ్యవంతుల కోసం ఎక్కడికో వెళ్లం. స్వెటర్ చేయి పైకి లాగి మాలో ఒకరం కూర్చుంటాం. అదే ఆనవాయితీ. ఆ ఏడాది నాకు ఏడో నెల. 'ఆరోగ్యవంతురాలైన గర్భిణి' అన్న గొట్టంలో పోసింది నా రక్తం. ఫలితం దాదాపు సున్నా.

"ఏంటి ఒటీలియా, కడుపులో ఉన్నది బిడ్డేనా, లేకపోతే మీ అత్తగారి టోర్టియాలా?" అన్నాడు నా తోటి సహాయకుడు రొహెలియో. మందు పెట్టెదే లోపమనుకున్నాం. ఇంకో పెట్టె విప్పాం. మళ్లీ సున్నా. అప్పుడు ఎవరూ హాస్యమాడలేదు. డాక్టర్ గారు తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఫోన్ చేశారు. నాకు కాదు, నేను పక్క గదిలోనే ఉన్నాను. ఎవరిస్తో పనిచేసే సీసాల ఫ్యాక్టరీకి. నా రక్తం చెప్పిన మాట నాకన్నా ముందు నా భర్తకు చేరింది.

"బిడ్డ కదులుతోంది, డాక్టర్ గారూ. ఇందాక కూడా తన్నింది," అన్నాను.

"కదలిక కొలత కాదమ్మా. అంకె కొలత."

మరుసటి రోజు కోసి తీశారు. ఆడపిల్ల. ఊపిరితిత్తులు ఇంకా సిద్ధం కాలేదు. రెండు రోజులు బతికింది. మా అత్తగారు నర్సు దగ్గర గ్లాసుడు నీళ్లు అడిగి తీసుకుని, బిడ్డ తలమీద చల్లి బాప్తిస్మం చేసి, ఎల్వా అని పేరు పెట్టింది. నాకు కుట్లు చీము పట్టాయి. నా ప్రాణం దక్కాలంటే గర్భసంచి తీసేయాలన్నారు. ఆ సంతకమూ ఎవరిస్తోదే. ఇంటికి వచ్చాక పరామర్శకు వచ్చిన వాళ్లందరికీ అత్తగారు గడపలోనే చెప్పేది: "ఆ విషపు సీసాల మధ్య తిరిగితే ఇంకేమవుతుంది? బిడ్డకి పెట్టడానికి దాని ఒంట్లో ఏమీ లేదట. పరీక్షలో తేలింది." ఎవరిస్తో అంత మాట అనలేదు. కోపం వచ్చినప్పుడు, అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, "నీ ఒళ్లు ఇవ్వలేకపోయింది, నేనేం చేయను?" అనేవాడు. చెడ్డవాడు కాదు. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది.

నలభై రోజుల తరువాత పనిలోకి తిరిగి వెళ్లాను. ప్రసూతి వార్డుకు రోజూ ఐసు పెట్టెతో వెళ్లి మాయలు తెచ్చేది రొహెలియో. అతను నా ముఖంలోకి చూడలేక ఫ్రీజర్ వైపు చూస్తూ చెప్పాడు. "డాక్టర్ గారు తెమ్మన్నారు ఒటీలియా. వద్దని ఎలా అనను?" అలా నా కూతురి మాయ ఒక అంకె తగిలించుకుని మిగతావాటి మధ్య చేరింది. నన్ను ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. మాయ బిడ్డ కణాలతోనే పెరుగుతుంది. తల్లికి అతుక్కుని ఉంటుందే గానీ, బిడ్డ శరీరమే. కాబట్టి ఆ పెట్టెలో ఉన్నది ఎల్వా. ఆ పని ఇంకొకరికి ఇవ్వమని నేను అనలేదు. ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఆ తలుపు తెరవాలి. తెరిచే చేతులు నావే కావాలనుకున్నాను.

తెలుసుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ మాయలో నాలుగు జన్యువులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కానీ నాలుగూ మూగవి. వాటి ఆవల ఉండవలసిన ఎన్‌హాన్సర్ ముక్క తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమ్ మీదా లేదు, తండ్రి నుంచి వచ్చినదాని మీదా లేదు. ఆ ఖాళీతో ఉన్న వరుసను కణాల్లోకి పంపి చూశాను, వెలుగు లేదు. నా రక్తం పరీక్షించాను. నా రెండు క్రోమోజోముల్లో ఒకదాని మీద ముక్క ఉంది, ఒకదాని మీద లేదు. అయితే రెండోది ఎవరిస్తో నుంచి వచ్చి ఉండాలి. "లేదా బిడ్డలోనే కొత్తగా ఊడిపోయి ఉండాలి. తండ్రి రక్తం చూడకుండా ఏమీ అనలేం," అన్నారు డాక్టర్ గారు. ఆయన అన్నది సరే.

ఆదివారం పెరట్లో ఎవరిస్తో బొగ్గుల మీద మాంసం కాలుస్తున్నాడు. ఇంట్లో అతను చేసే వంట అదొక్కటే. దానికి కావలసినవన్నీ కోసి, నానబెట్టి, చేతికందించి, తరువాత కడిగేది నేను.

"ఒక చిన్న గొట్టం రక్తం కావాలి, ఎవరిస్తో."

"దేనికి?" విన్నాక పట్టకారు పక్కన పెట్టాడు. "అంటే తప్పు నాదంటావు."

"తప్పు కాదు. సగం వాటా."

"సగమా? సంతలో బేరమా ఇది?"

"బిడ్డకి రెండు వైపులా లేదు. ఒక వైపు నాది. నా రక్తం చూసుకున్నాను."

"కొత్తగా ఊడి ఉండొచ్చని మీ డాక్టరే అన్నాడన్నావుగా. అదే రాసుకోండి. మా అమ్మకి ఏడుగురం. ఏడుగురం గిత్తల్లా పుట్టాం. యాభై ఏళ్లొచ్చాక నా మగతనానికి పరీక్ష పెడతావా? పోనీలే అని నోరు మూసుకున్నానే ఇన్నేళ్లు, నేనేమన్నా అన్నానా నిన్ను?"

అన్నావు అని నేను అనలేదు. మాంసం మాడుతోందని మాత్రం చెప్పాను.

ఆ వారం నాకు ఒక ఆలోచన వచ్చింది, అది నాకు నచ్చలేదు. మా అత్తగారికి చక్కెర జబ్బు. వారం వారం ఆమె చేతినుంచి రక్తం తీసి పరీక్షకు పట్టుకెళ్లేది నేనే. ఎవరిస్తో లోపం ఆమె నుంచి వచ్చిందేమో చూడడానికి ఆ గొట్టంలో అడుగున మిగిలే చుక్క చాలు. ఎవరికీ తెలియదు. కానీ తెలియకుండా తీసుకోవడం అంటే ఏమిటో నాకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? సూది పట్టుకుని ఆమె ఎదుట కూర్చున్నాను.

"అత్తయ్యా, ఈసారి రెండు గొట్టాలు తీయాలి. ఒకటి మీ చక్కెరకి. ఇంకోటి నా పనికి. వద్దంటే తీయను."

"నీ పనంటే ఏమిటే?"

"ఎల్వాకి ఏమైందో తెలుసుకోవడానికి."

ఆ పేరు మా ఇంట్లో పలికి చాలా ఏళ్లయింది. ఆమె చేయి వెనక్కి లాక్కోలేదు. "నా కొడుకు ఇవ్వనన్నాడుగా. విన్నాలే. మగతనం అంటాడు గానీ, వాడికి సూదంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు టీకాలవాళ్లు వస్తే మంచం కింద దూరాడు, చీపురుతో బయటికి తోశాను." రవిక చేయి మోచేతి పైకి మడిచింది. "తీసుకో. ఎన్ని కావాలంటే అన్ని. మా రక్తంలో మచ్చ లేదు. మా అమ్మా నాన్నా అన్నదమ్ముల బిడ్డలు. పెళ్లికి బిషప్ గారి దగ్గర్నుంచి అనుమతి తెచ్చుకున్నారు. మా కొండల్లో ఎవరు ఎవరికి కారు? తవ్వితే నువ్వూ మా చుట్టానివే. మాది చూసి, ఎక్కడ పోయిందో నీ వైపు వెతుక్కో."

రక్తంలోని డీఎన్ఏను జెల్ పలక మీద నడిపిస్తే, ముక్క పూర్తిగా ఉంటే పైన ఒక గీత పడుతుంది, లోపిస్తే కింద పడుతుంది. నాకు రెండూ పడతాయి. ఎల్వాకు కిందిది మాత్రమే. అత్తగారికి పైగీత ఒక్కటే పడవచ్చు, లేదా నాలాగే రెండూ పడవచ్చు అనుకుని దీపం కింద పెట్టి చూశాను. పైన ఏమీ లేదు. కింద ఒకటే గీత. గొట్టాలు తారుమారయ్యాయనుకున్నాను. మిగిలిన రక్తంతో మొదటి నుంచి మళ్లీ చేశాను. మళ్లీ అదే.

స్టూలు మీద కూర్చుండిపోయాను. ఏడ్వలేదు, లెక్క వేశాను. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆమె పుట్టినప్పుడే రెండూ లేవు. కాబట్టి ఆమె పిల్లలందరికీ, ఎవరిస్తోతో సహా, ఒకటి లేకుండా ఉండి తీరాలి. ఇక అతని రక్తం అవసరం లేదు. కానీ అది చిన్న విషయం. ఎనభై ఒక్క ఏళ్ల కిందట, కొండల్లో ఒక మట్టి ఇంట్లో, ఆమె తల్లి కడుపులో ఉన్న మాయ ఈ హార్మోన్‌ను చుక్క కూడా తయారుచేసి ఉండదు. ఆ తల్లి రక్తాన్ని ఎవరైనా కొలిచి ఉంటే సున్నా వచ్చేది. ఎవరూ కొలవలేదు. నెలలు నిండాయి. మంత్రసాని చేతుల్లోకి నాలుగు కిలోల పిల్ల పడిందని, ఊరంతా చూడడానికి వచ్చిందని ఆమె వెయ్యిసార్లు చెప్పింది. ఆ పిల్ల ఏడుగురిని కని, ఇవాళ ఉదయం కూడా నా టోర్టియాలు మందంగా ఉన్నాయంది. ఎదుగుదల హార్మోన్ పీయూష గ్రంథిలో వేరే ఏర్పాటుతో నడుస్తుంది, దానికి ఏ లోటూ రాలేదు. తల్లి ఒళ్లు వదులుకోకపోయినా బిడ్డ పెరిగింది. నా కూతురిని చంపింది ఆకలి కాదు. ఆమెకు ఆకలే లేదు. ఆమెను బయటికి తీశారు, అంతే.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వరండాలో పెకాన్ కాయలు పగలగొట్టి పప్పులు ఒలుస్తోంది. ఎవరిస్తో పేపరు చదువుతున్నాడు. నేను నిలబడే, తేలిక మాటల్లో, ఏదీ తగ్గించకుండా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"అంటే మా అమ్మ కడుపులో నాకూ అది లేదా?"

"లేదు అత్తయ్యా."

"అయినా పుట్టాను."

"పుట్టారు. నాలుగు కిలోలు."

ఎవరిస్తో పేపరు మడిచాడు. "ఇప్పుడెందుకివన్నీ? పాత పుండు గోకితే ఏమొస్తుంది?" అంటూ లేవబోయాడు.

"కూర్చో," అంది ఆమె. ఆ గొంతు కొడుకు మీద వాడడం నేను ఎన్నడూ వినలేదు. తరువాత ఒడిలోని చిప్పలు నేలమీదికి దులిపింది. "ఒటీలియా, అప్పట్లో ఈ పరీక్షలుండి, నన్నూ అలాగే ముందే కోసి తీసి ఉంటే?"

"మీరూ ఉండేవారు కారు."

ఆమె నన్ను క్షమించమని అడగలేదు. అలా అడిగే అలవాటు ఆమె తరానికి గానీ, వయసుకు గానీ లేదు. ఒలిచిన పప్పులన్నీ దోసిట్లోకి తీసుకుని నా చేతిలో పోసింది. "తిను," అంది. "నిలబడి కాదు. కూర్చుని తిను." నేను కూర్చున్నాను. 

డాక్టర్ బెర్లంగా ఫలితం చూసి కుర్చీలోంచి లేచారు. "ఎనభై ఏళ్లు దాటిన మనిషి! ఆరోగ్యంగా! ఎవరి దగ్గర ఉంది ఇలాంటి రుజువు?" అన్నారు. ఆ సంతోషంలో ఆయనకు ఎనభై ఒకటిలో జరిగింది గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. వచ్చాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అప్పుడు మనకు తెలిసింది అంతే, ఒటీలియా."

"తెలిసినంత కాదు, డాక్టర్ గారూ. తెలియనిదాన్ని తెలుసన్నాం."

వారం తిరగకుండా వ్యాసం సిద్ధమైంది. మొదటి పేరు నాది పెట్టారు; బహుశా అది ఆయన చేయగలిగిన ప్రాయశ్చిత్తం. సరిచూడమని ఇస్తే, పద్ధతుల భాగంలో ఒక చోట నా కళ్లు ఆగాయి. 'మాయ కణజాలాన్ని దాత అనుమతితో సేకరించాము.'

"ఇది నిజం కాదు."

"పత్రికవాళ్లు అడుగుతారమ్మా. ఆ ఒక్క వాక్యం లేకపోతే పక్కన పడేస్తారు."

"అయితే జరిగింది రాయండి. తల్లి మత్తులో ఉండగా అడగకుండా తీసుకున్నామని."

"అలా రాస్తే ఎవరు వేస్తారు? ఇరవై ఏళ్ల పని. నా ఒక్కడిదేనా, నీది కాదా?"

"నాదే. అందుకే ఒక దారి చెబుతాను. ఇప్పుడు అడగండి."

ఆయనకు అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. వేల మాయలు తెప్పించిన మనిషి, ఒక్క స్త్రీని కూడా స్వయంగా అడిగిన అలవాటు లేనివారు, ఆ మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడ్డారు. నేను సాయం చేయలేదు. చివరికి, "ఒటీలియా, నీ కూతురి మాయను ఈ పరిశోధనకు ఇస్తావా?" అన్నారు. కూతురు అన్న మాట ఆ గదిలో పలకడం అదే మొదటిసారి.

ఇస్తానని నాకు తెలుసు. ఆ అంకెను నమ్మి ఇంకెక్కడా ఇంకే తల్లినీ అలా కోయకూడదంటే అది అచ్చు కావాలి. కానీ, ఇవ్వడం ఎలాగో నాకు ఎప్పుడో వచ్చు. ఇవ్వకపోవడానికి వీలుండడం ఎలా ఉంటుందో ఎన్నడూ తెలియదు.

"ఆలోచించుకుని చెబుతాను," అని బయటికి వచ్చాను. నేను జవాబు చెప్పేదాకా ఎల్వా నాది.